ఒక టైమౌట్, ఇద్దరు సార్లు, ఒక అన్న

ఇది ఒక కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టుని నడిపే ముగ్గురి కథ. కాలేజీ పేరు, ఊరు, సంవత్సరం ఇందులో ఉండవు. ముగ్గురి అనుమతీ తీసుకున్నాను. రాసింది ముందు వాళ్ళకే చదివి వినిపించాను. మనుషుల్ని పట్టించే ఒకటి రెండు వివరాలు మార్చాను తప్ప ఆట సంగతులు మార్చలేదు.

నేపథ్యం

కోస్తా ఆంధ్రలో ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీ. అబ్బాయిల బాస్కెట్‌బాల్ జట్టు. సిమెంటు కోర్టు, నాలుగు ఫ్లడ్ లైట్లలో వెలిగేవి రెండు. పొద్దున్న 5:30కి ప్రాక్టీసు మొదలుపెట్టి 7:30కి ముగిస్తారు. ఆ తర్వాత హాస్టల్లో బాత్‌రూమ్ దగ్గర క్యూ, టిఫిను, క్లాసు. యూనివర్సిటీ ఇంటర్ కాలేజియేట్ టోర్నమెంట్‌లో అంతకుముందు వరసగా రెండేళ్ళు క్వార్టర్ ఫైనల్లోనే ఇంటికొచ్చేశారు. రెండుసార్లూ ఆటలోని నాలుగు భాగాల్లో చివరిదైన నాలుగో క్వార్టర్లోనే పోయింది మ్యాచ్.

కోచింగ్ స్టాఫ్ అనగానే టీవీలో చూసే అమెరికా కాలేజీ జట్లు గుర్తొస్తాయి. అక్కడ కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ సంస్థ పై అంచె, డివిజన్ 1లో, ఆట నేర్పే కోచ్‌లు హెడ్ కోచ్‌తో కలిపి ఆరుగురి దాకా ఉండొచ్చని 2023లో నిబంధన మార్చారు. ఫిజియో, వీడియో, ఫిట్‌నెస్ చూసేవాళ్ళు వేరే. మన దగ్గర లెక్క అది కాదు. ఇక్కడున్న ముగ్గురి సంగతీ చెబుతాను.

మొదటివారు పీడీ గారు, అంటే కాలేజీ ఫిజికల్ డైరెక్టర్. వయసు యాభై దాటింది. ఆయన సొంత ఆట వాలీబాల్. బాస్కెట్‌బాల్‌తో పాటు కబడ్డీ, ఖోఖో, అమ్మాయిల జట్లు, స్పోర్ట్స్ డే, ఆగస్టు 15 పరేడ్, చివరికి హాస్టల్లో కుర్రాళ్ళు కొట్టుకుంటే పంచాయితీ కూడా ఆయనదే. ఇరవై ఏళ్ళకు పైగా అక్కడే ఉన్నారు.

రెండో మనిషి కోచ్. ముప్పై ఒకటి ముప్పై రెండేళ్ళుంటాయి. పాటియాలాలో కోచ్‌లకి శిక్షణ ఇచ్చే జాతీయ క్రీడా సంస్థ ఎన్ఐఎస్‌లో బాస్కెట్‌బాల్ డిప్లొమా చేశాడు. కాంట్రాక్టు మీద ఉన్నాడు. జీతం స్పోర్ట్స్ ఫండ్ నుంచి వస్తుంది, అది కూడా వచ్చినప్పుడే. మధ్యాహ్నాలు ఒక స్కూల్లో పని చేస్తాడు. ఆట బాగా తెలిసినవాడు, మాట తక్కువ.

మూడోవాడు రెండేళ్ళ కిందటి కెప్టెన్. చదువు అయిపోయినా ఊరు వదల్లేదు. జీతం లేదు, పదవి లేదు, జట్టు టీషర్ట్ మాత్రం ఉంది. అందరూ 'అన్న' అంటారు. నేనూ ఇక్కడ అలాగే అంటాను.

సమస్య, వాళ్ళు చెప్పినట్టు

ఫోన్ చేసింది పీడీ గారు. "కుర్రాళ్ళకి స్కిల్ ఉందండి. చివర్లో టెన్షన్ పడిపోతున్నారు. మీరొచ్చి మెంటల్ స్ట్రెంగ్త్ మీద రెండు క్లాసులు తీసుకోండి" అన్నారు.

ఆటల జట్లతో, కోచ్‌లతో పని చేసే నాకు ఇలాంటి పిలుపులు చాలా వస్తాయి. కాదనడం కష్టం కూడా, ఎందుకంటే రెండు క్లాసులు తీసుకోవడం సుఖమైన పని. శాలువా కూడా కప్పుతారు. కానీ సమస్యకి పేరు పెట్టిన మనిషి ఎప్పుడూ ఆ పేరు బయట ఉంటాడు. కోచ్‌లు ఫోన్ చేస్తే తప్పు ఆటగాళ్ళది, ఆటగాళ్ళు ఫోన్ చేస్తే తప్పు కోచ్‌లది. అందుకే క్లాసుకి ముందు ఒక మ్యాచ్ చూస్తానన్నాను. పక్క ఊరి కాలేజీతో ఫ్రెండ్లీ ఉంది, వెళ్ళాను.

నాలుగో క్వార్టర్ మొదలయ్యేసరికి మా జట్టు 9 పాయింట్ల ముందుంది. 3 పాయింట్లతో ఓడిపోయింది. ఆ పది నిమిషాల్లో నేను ఆటకన్నా బెంచీనే ఎక్కువ చూశాను.

మన టోర్నమెంట్లు ఆడేది అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా నిబంధనలతో. జట్టుతో మాట్లాడుకోవడానికి ఆట ఆపించే విరామమే టైమౌట్. మొదటి సగంలో 2 టైమౌట్లు, రెండో సగంలో 3. ఒక్కోటి ఒక్క నిమిషం, 50 సెకన్లకే రిఫరీ విజిల్ వేసి రమ్మంటాడు. టైమౌట్ అడిగే హక్కు హెడ్ కోచ్‌కీ, మొదటి అసిస్టెంటుకీ ఉంటుంది. ఇక్కడ ఎంట్రీ ఫారం మీద సంతకం పెట్టేది పీడీ గారు కాబట్టి స్కోర్‌షీట్‌లో హెడ్ కోచ్‌గా ఆయన పేరే ఉంటుంది, కోచ్ అసిస్టెంటు. అంటే రూలు ప్రకారం ఇద్దరూ అడగొచ్చు. ఇద్దరూ అడిగారు. మూడో క్వార్టర్లో పీడీ గారొకటి, ఆ వెంటనే రెండు నిమిషాలు తిరక్కుండా కోచ్ ఒకటి. ఆట నడుస్తున్నప్పుడు హెడ్ కోచ్, అసిస్టెంటు ఇద్దరిలో ఒకరే నిలబడాలి. ఇద్దరూ లేచి నిలబడి అరిచారు. రిఫరీ ఒకసారి హెచ్చరించాడు, రెండోసారి టెక్నికల్ ఫౌల్ ఇచ్చాడు. అవతలివాళ్ళకి ఊరికే ఒక ఫ్రీ త్రో.

చివరి నిమిషంలో మిగిలిన ఒక్క టైమౌట్ ఇలా గడిచింది. పీడీ గారు: "ఏంట్రా ఆ ఆట! అన్నం తినట్లేదా? డిఫెన్స్, డిఫెన్స్!" కోచ్ బోర్డు మీద మార్కర్‌తో: "వాళ్ళు జోన్‌లోకి వచ్చారు, హై పోస్ట్‌లోకి ఒకడు రావాలి, బంతి అక్కడికి వెళ్ళాలి." (జోన్ అంటే మనిషిని కాకుండా చోటుని కాపలా కాసే డిఫెన్స్, హై పోస్ట్ అంటే ఫ్రీ త్రో గీత దగ్గరి చోటు.) పీడీ గారు మధ్యలో: "ముందు రీబౌండ్ పట్టమనండి." వెనక నుంచి అన్న ఒక షూటర్ భుజం మీద చెయ్యేసి: "నువ్వు వేసెయ్‌రా, నేను చూసుకుంటా." విజిల్. హై పోస్ట్‌లోకి ఎవరూ రాలేదు. షూటర్ వేసేశాడు. తగల్లేదు.

మొదట ఏం చేశాను

క్లాసులు వద్దన్నాను. నోట్‌బుక్ పట్టుకుని మూడు మ్యాచ్‌లు బెంచీ వెనక కూర్చున్నాను. ఇది నా సొంత పద్ధతి కాదు. 1974-75 సీజన్‌లో ఇద్దరు విద్యా మనస్తత్వవేత్తలు అమెరికాలో యూసీఎల్ఏ అనే యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టు కోచ్ జాన్ వుడెన్ ప్రాక్టీసులకి వెళ్ళి, ఆయన నేర్పే ప్రతి మాటా, చేతా ఏ రకానిదో లెక్క రాసుకున్నారు. అలాంటివి మొత్తం 2,326 లెక్క తేలాయి. వాటిలో ముప్పాతిక వంతులో ఏం చెయ్యాలో, ఎలా చెయ్యాలో చెప్పే సమాచారం ఉంది. మెచ్చుకోలు నూటికి ఏడు దాకా, అసంతృప్తీ దాదాపు అంతే. ఆ సీజన్ చివర్లోనే వుడెన్ తన పదో టైటిల్ గెలిచి తప్పుకున్నాడు. ఆయనంతటివాళ్ళు మన సిమెంటు కోర్టులకి రారు. లెక్క మాత్రం ఎక్కడైనా కట్టొచ్చు.

నా లెక్కలో మా ముగ్గురి మాటలు సగానికి పైగా ఏం చెయ్యాలో చెప్పనివే. అది నన్ను అంతగా కంగారు పెట్టలేదు. మ్యాచ్‌లో ఎవరైనా అరుస్తారు. కంగారు పెట్టింది తర్వాతి పరీక్ష. ప్రాక్టీసు మ్యాచ్‌లో ఒక ఉత్తుత్తి టైమౌట్ పెట్టించి, అయిపోగానే ఐదుగురినీ విడివిడిగా పిలిచి, "ఇప్పుడు నువ్వేం చెయ్యాలి?" అని అడిగాను. ఐదుగురూ నాలుగు రకాలుగా చెప్పారు. బంతి తెచ్చి ఆట నడిపించే పాయింట్ గార్డ్ అయితే, "పీడీ సార్ కోపంగా ఉన్నారు సార్" అన్నాడు. 60 సెకన్లలో వాడికి అందిన సమాచారం అదొక్కటే.

చేసినవి, తప్పినవి

మొదటి ప్రయత్నం కాగితం. ఎవరి పని ఏంటో రాశాను. పీడీ గారు నిర్వహణ, కోచ్ ఆట, అన్న వార్మప్. అందరూ తలూపారు. నేను అప్పుడు అనుకున్నది ఏంటంటే, గొడవంతా పని పంపకం తేలకపోవడం వల్లేనని. తర్వాతి మ్యాచ్‌లో రెండో క్వార్టర్ దాకా కాగితం నిలబడింది. జట్టు 6 పాయింట్లు వెనకబడగానే పీడీ గారు లేచారు. తప్పు పట్టలేను. స్కోరు పడిపోతుంటే కుర్రాళ్ళందరూ ఆయన వైపే చూస్తున్నారు. చూపు తనవైపు ఉన్న మనిషి నోరు ఊరుకోదు.

అప్పుడైనా నేను ఆ చూపు గురించి ఆలోచించాల్సింది. నోరు గురించి ఆలోచించాను. రెండో ప్రయత్నంలో పీడీ గారిని బెంచీ చివర కూర్చోబెట్టి, టైమౌట్లలో మాట్లాడొద్దని కోరాను. ఆయనకి నచ్చజెప్పడానికి ఒక పాత సంగతి వాడాను. 1940ల చివరి దాకా అమెరికాలో టైమౌట్‌లో కోచ్ ఆటగాళ్ళతో మాట్లాడటానికే నిబంధనలు ఒప్పుకునేవి కావు, ఆటగాళ్ళే తేల్చుకోవాలి. ఆయన నవ్వి, "సరే, పాత కాలం మనిషిని, పాత రూలే పాటిస్తాను" అన్నారు. మాట నిలబెట్టుకున్నారు కూడా. ఒక్క ముక్క మాట్లాడలేదు.

జట్టు ఇంకా ఘోరంగా ఆడింది. కోచ్ బోర్డు మీద గీస్తుంటే కుర్రాళ్ళ కళ్ళు బెంచీ చివరికి వెళ్తున్నాయి, సార్ ఎందుకు మాట్లాడట్లేదని. కోచ్ ఒకణ్ణి మార్చి బయటికి రప్పిస్తే, వాడు నేరుగా వెళ్ళి పీడీ గారి పక్కన కూర్చుని ఏదో చెప్పుకున్నాడు. పీడీ గారు వాడి వీపు తట్టారు. అది జాలి. కోర్టులో ఉన్న ఐదుగురికి మాత్రం వేరేలా అర్థమైంది. కోచ్ చేసిన సబ్‌స్టిట్యూషన్ పెద్దాయనకి నచ్చలేదని అనుకున్నారు.

మూడోది నా తప్పు, అందుకే దాచకుండా రాస్తున్నాను. టైమౌట్లని ఫోన్‌లో వీడియో తీయించి ముగ్గుర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి చూపించాను. చూస్తే వాళ్ళకే తెలుస్తుందనుకున్నాను. తెలిసింది. తనకన్నా ఇరవై ఏళ్ళు చిన్నవాడైన కోచ్ ముందు, తన దగ్గర ఆడిన అన్న ముందు, తాను అరుస్తున్న వీడియోని పీడీ గారు చూడాల్సొచ్చింది. ఒక్క మాట అనలేదు. మర్నాటి నుంచి వారం రోజులు ప్రాక్టీసుకి రాలేదు. వీడియో ఎవరిదైతే ముందు వాళ్ళకొక్కరికే చూపించాలని నేను ఇతర కోచ్‌లకి చెప్పే పాఠమే. తొందరలో నేనే మరిచిపోయాను.

స్టాఫ్ రూమ్‌లో ఒక పూట

క్షమాపణ చెప్పడానికి పీడీ గారి గదికి వెళ్ళాను. స్వీట్లు తీసుకెళ్ళలేదు, అంత నాటకం అక్కర్లేదనిపించింది. ఆయన కూర్చోమన్నారు, టీ తెప్పించారు, తన పని తాను చేసుకుంటూ పోయారు. మూడు గంటలు అక్కడే కూర్చున్నాను. కేసంతా తెరుచుకున్నది ఆ మూడు గంటల్లోనే.

ఆటగాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. ఓడీ లెటర్ల మీద సంతకం కోసం. ఓడీ అంటే ఆన్ డ్యూటీ, కాలేజీ పని మీదే క్లాసు పోయిందని చెప్పే కాగితం. మన ఇంజినీరింగ్ కాలేజీల సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. హాజరు 75 శాతం ఉండాలి, తగ్గితే కండోనేషన్, అంటే ఆ లోటుని మన్నించమని అడుక్కోవడం, ఇంకా తగ్గితే సంవత్సరం పోతుంది. టోర్నమెంట్‌కి వెళ్ళిన రోజులు, ప్రాక్టీసు వల్ల పోయిన పీరియడ్లు హాజరులో పడాలంటే పీడీ గారి సంతకం కావాలి. ఒకడు ఇంటర్నల్ పరీక్ష తప్పిపోతే హెచ్ఓడీకి ఫోన్ చేయించుకున్నాడు. ఇంకొకడికి హాస్టల్ ఫైన్ తీయించుకోవాలి. ఈ లోగా పైనుంచి ఫోన్, ఫలానా వాళ్ళబ్బాయిని టోర్నమెంట్‌కి వెళ్ళే పన్నెండు మందిలో వెయ్యమని. పీడీ గారు "చూస్తానండి" అని పెట్టేసి, నుదురు రుద్దుకున్నారు.

ఒక్క టైమౌట్‌లో ముగ్గురూ మాట్లాడితే కుర్రాళ్ళు ఎవరి మాట వింటారని నేను నెల రోజులుగా అడుగుతున్నాను. జవాబు ఆ బల్ల మీద ఉంది. వాళ్ళు ఆట తెలిసినవాడి మాట వినరు, సంతకం పెట్టేవాడి మొహం చూస్తారు. అది భయమో స్వార్థమో కాదు, వాళ్ళ సంవత్సరం ఆ సంతకం మీద ఉంది. ఇక అన్న దగ్గర సంతకమూ లేదు, డిప్లొమా లేదు, కానీ వాళ్ళ కష్టం తెలిసిన మనిషి. బీహార్ నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళకి తెలుగు సరిగా రాదు, వాళ్ళతో హిందీలో మాట్లాడేది అతనొక్కడే. టైమౌట్‌లో వెనక నుంచి గుసగుసలాడుతున్నాడని నేను విసుక్కున్నది నిజానికి సగం అనువాదం.

అంటే కోచ్‌కి లేనిది గొంతు కాదు. అతని మాట వింటే ఏం వస్తుందో, వినకపోతే ఏం పోతుందో కుర్రాళ్ళ లెక్కలో ఎక్కడా లేదు. నేను కాగితం మీద అతనికి ఆట అప్పగించాను, అధికారం మాత్రం ఇంకో గదిలో ఉండిపోయింది.

పని చేసింది

టైమౌట్ జోలికి పోకుండా ముందు రిజిస్టర్ మార్చాం. పొద్దున్న ప్రాక్టీసు హాజరు కోచ్ రాస్తాడు. ఓడీ లెటర్ మీద పీడీ గారు ఆ రిజిస్టర్ చూసే సంతకం పెడతారు. పన్నెండు మంది జాబితా మీద ఇద్దరి సంతకాలూ ఉండాలి.

పీడీ గారు ఒప్పుకుంటారని నేననుకోలేదు. అధికారం తగ్గించుకోమన్నట్టే కదా. ఆయన ఆలోచించి, "నాకిది మంచిదే. రికమండేషన్ ఫోన్ వస్తే, రిజిస్టర్‌లో లేడండీ, కోచ్ సంతకం పెట్టట్లేదు అంటాను" అన్నారు. నాకు తట్టని కోణం అది. ఆయనకి బరువు దిగింది, కోచ్‌కి పట్టు దొరికింది. కోచే కాస్త భయపడ్డాడు. కాంట్రాక్టు మనిషి, పైవాళ్ళ అబ్బాయికి సంతకం పెట్టనంటే రేపు తన పనే పోవచ్చు. అందుకని కాదనే మాట ఎప్పుడూ పీడీ గారి నోటి నుంచే రావాలని, కారణం మాత్రం రిజిస్టర్ అని అనుకున్నాం. ఈ షరతు లేకపోతే మిగతాదంతా కూలిపోయేదనే ఇప్పటికీ నా నమ్మకం.

రెండు వారాల్లో తేడా కనిపించింది. 5:40కి వచ్చేవాళ్ళు 5:25కి రావడం మొదలుపెట్టారు. కోచ్ గొంతు పెంచలేదు, పెన్ను పట్టుకున్నాడంతే.

ఆ తర్వాతే టైమౌట్. పీడీ గారిని మౌనంగా కూర్చోబెట్టడం తప్పని తేలిపోయింది కాబట్టి ఈసారి ఆయనకి పని కావాలి, అదీ ఆయన తప్ప ఇంకొకరు చెయ్యలేనిది. ఆ చుట్టుపక్కల టేబుల్ దగ్గర కూర్చునే అఫీషియల్స్‌లో సగం మంది ఆయనకి తెలుసు, రిఫరీలు ఆయన్ని 'సార్' అంటారు. టైమౌట్ మొదలవగానే ఆటగాళ్ళు కూర్చుని నీళ్ళు తాగుతారు. స్టాఫ్ ముగ్గురూ రెండడుగులు పక్కకి వెళ్తారు. పది సెకన్లు. వాదన ఉంటే అక్కడే. కోచ్ ఒక్క విషయం తేలుస్తాడు, రెండు కాదు. తర్వాత పీడీ గారు ఆటగాళ్ళ ముందుకొచ్చి ఒక్క వాక్యం అంటారు: "కోచ్ చెప్పేది వినండిరా." అని టేబుల్ దగ్గరికి వెళ్ళిపోతారు. టీమ్ ఫౌల్స్ ఎన్ని, ఎవరికి నాలుగున్నాయి, టైమౌట్లు ఎన్ని మిగిలాయి అన్నీ చూసి వస్తారు. ఆ ఒక్క వాక్యాన్ని నేను తీసెయ్యమనలేదు, నిజానికి మొత్తం ఏర్పాటులో అదే ఖరీదైనది. సంతకం పెట్టే మనిషి అందరి ముందూ మాట అప్పగిస్తున్నాడు.

కోచ్ బోర్డు మీద గీసి చెప్పేది పాతిక సెకన్లు. విజిల్ పడ్డాక లేచి వెళ్ళేటప్పుడు అన్న హిందీ కుర్రాళ్ళకి అదే మాట చెబుతాడు, కొత్తది చేర్చకుండా. షూటర్ భుజం మీద చెయ్యి వెయ్యొచ్చు, వద్దనలేదు. బయటికొచ్చిన ఆటగాడు ముందు అన్న పక్కన కూర్చుంటాడు. వాడు పీడీ గారి దగ్గరికి వెళ్తే ఆయన జవాబు ఒకటే: "కోచ్‌ని అడుగు, మ్యాచ్ అయ్యాక." టైమౌట్ అడిగేది ఇక కోచ్ ఒక్కడే, స్కోర్‌షీట్‌లో పేరు ఎవరిదున్నా. రెండో సగంలో ఒక టైమౌట్ చివరి రెండు నిమిషాలకి దాచాలి.

మొదట్లో పది సెకన్లు ఇరవై అయ్యేవి, కోచ్ చెప్పేలోపే విజిల్ పడేది. అందుకని ప్రాక్టీసులో రోజూ ఒక ఉత్తుత్తి టైమౌట్ పెట్టాం. జట్టు ఫ్రీ త్రోలు ప్రాక్టీసు చేసినట్టే స్టాఫ్ టైమౌట్ ప్రాక్టీసు చేసింది. కుర్రాళ్ళకి ఇది తెగ నవ్వొచ్చేది.

టోర్నమెంట్‌కి ముందు నా పాత పరీక్ష మళ్ళీ పెట్టాను. ఐదుగురిలో నలుగురు ఒకటే చెప్పారు. ఐదోవాడు, "మర్చిపోయాను సార్, కానీ పీడీ సార్ కోపంగా లేరు" అన్నాడు.

ఫలితం

కప్పు రాలేదు. క్వార్టర్ ఫైనల్ దాటారు, సెమీస్‌లో ఓడారు. అవతల ఉన్న పొడుగాటి సెంటర్‌ని ఆపే మనిషి మా దగ్గర లేడు, దానికి ఏ టైమౌటూ మందు కాదు. గెలిచిన క్వార్టర్ ఫైనల్లో చివరి నిమిషానికి చేతిలో టైమౌట్ మిగిలి ఉంది. కోచ్ ఒకే మాట చెప్పాడు, హై పోస్ట్‌లోకి మనిషి వచ్చాడు. అయితే ఆ సంవత్సరం ఫస్టియర్‌లో మంచి పాయింట్ గార్డ్ ఒకడు చేరాడు, డ్రా కూడా కాస్త తేలిగ్గా పడింది. కాబట్టి ఎంత భాగం స్టాఫ్‌ది, ఎంత ఆ కుర్రాడిది అని నన్నడిగితే విడదీయలేను.

మళ్ళీ చెయ్యాల్సొస్తే మొదటి రోజే కోర్టుకి వెళ్ళను, పీడీ గారి గదికి వెళ్తాను. అక్కడ ఎవరు ఎవరి దగ్గరికి ఏ కాగితం పట్టుకొస్తున్నారో చూస్తే నెల రోజులు ఆదా అయ్యేవి. నోట్‌బుక్ లెక్కలు వృథా అనను. అవి లేకపోతే పీడీ గారికి నేను చెప్పింది ఒట్టి అభిప్రాయంగా ఉండేది. కానీ లెక్క ఎవరెంత మాట్లాడారో చెప్పింది గానీ ఎవరి మాట ఎందుకు చెల్లుతుందో చెప్పలేదు.

నేను ముట్టుకోలేకపోయింది ఒకటుంది. కోచ్ ఇప్పటికీ కాంట్రాక్టు మీదే ఉన్నాడు. పీడీ గారు ఇంకో మూడేళ్ళలో రిటైర్ అవుతారు. రిజిస్టర్ ఏర్పాటు కాలేజీ ఉత్తర్వు ఏమీ కాదు, ఆ ఇద్దరి మధ్య ఒప్పందం. కొత్తగా వచ్చే పీడీ సంతకం ముందు రిజిస్టర్ తెరుస్తాడో లేదో ఎవరూ చెప్పలేరు. పోయిన నెల కోచ్ ఫోన్ చేసి, ఆ పద్ధతిని ప్రిన్సిపాల్ చేత సర్క్యులర్‌గా వేయించడానికి డ్రాఫ్ట్ రాసిపెట్టమన్నాడు. రాసి పంపాను. పీడీ గారే దాన్ని తీసుకెళ్ళి ఇస్తానన్నారట.